అదే 400 డిగ్రీలు: ఒక పూత గట్టిపడుతుంది, ఇంకో పూత చెడుతుంది

సంక్షిప్తంగా: లోహపు పూతకు హీట్ ట్రీట్‌మెంట్ (పూత వేశాక ఫర్నేస్‌లో పెట్టి వేడి చేయడం) చేస్తే అరుగుదల తగ్గుతుందన్న మాట కొన్ని పూతల విషయంలోనే నిజం. నికెల్–ఫాస్ఫరస్ పూత 400 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు రెట్టింపు గట్టిపడుతుంది. హార్డ్‌క్రోమ్, అంటే యంత్ర భాగాలకు వేసే గట్టి క్రోమియం పూత, అదే వేడికి మెత్తబడి పగులుతుంది. అరుగుదల తగ్గినంత మాత్రాన ఘర్షణ కూడా తగ్గాలని లేదు. పూత ఏది, దాని కింది ఉక్కు ఏది, దాన్ని అరగదీసే పదార్థం ఏది అన్నవి తెలిస్తే తప్ప వేడి మేలు చేస్తుందో కీడు చేస్తుందో చెప్పలేం.

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో బోరు మోటారును పైకి లాగినప్పుడు షాఫ్ట్ మీద బుష్ (షాఫ్ట్ తిరగడానికి ఆసరాగా ఉండే గొట్టం లాంటి భాగం) కూర్చునే చోట గాళ్లు పడి ఉండటం మెకానిక్‌లకు కొత్త కాదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఊకను ఊదే బ్లోయర్ రెక్కల అంచులు పలచబడి కత్తిలా తయారవుతాయి. వరికోత మిషన్ హైడ్రాలిక్ జాకీ రాడ్డు మీద గీతలు పడితే ఆయిల్ కారడం మొదలవుతుంది. ఇలాంటి భాగాలకు మళ్లీ ప్లేటింగ్ చేయించడానికి హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల వంటి చోట్ల ఉన్న షాపుల దాకా పంపాల్సి వస్తుంది. అక్కడ వచ్చే ప్రశ్న ఒకటుంది: హీట్ ట్రీట్‌మెంట్‌తో కావాలా, లేకుండానా? దానికి వేరే రేటు ఉంటుంది కాబట్టి, ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ గట్టిగా వస్తుందని అనుకోవడం సహజం. ఆ లెక్క ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో చూడాలంటే పూత లోపల వేడి చేసే పనేమిటో తెలియాలి.

కొలిమిలో కర్రుకు జరిగేది వేరు

వేడి చేస్తే ఇనుము గట్టిపడుతుందన్న నమ్మకం కమ్మరి కొలిమి నుంచి వచ్చింది. నాగలి కర్రును ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అది నిజంగానే గట్టిపడుతుంది. కానీ అక్కడ గట్టిదనం ఇచ్చేది వేడి ఒక్కటే కాదు. దాదాపు 800 డిగ్రీలు దాటాక ఉక్కులోని కార్బన్ ఇనుములో పూర్తిగా కలిసిపోతుంది. వెంటనే నీళ్లలో ముంచేసరికి బయటికి వచ్చే వ్యవధి లేక ఆ కార్బన్ లోపలే ఇరుక్కుంటుంది. అలా బిగుసుకున్న నిర్మాణాన్నే మార్టెన్‌సైట్ అంటారు. అదే కర్రును మళ్లీ ఒక మోస్తరుగా వేడి చేసి వదిలేస్తే గట్టిదనం కొంత పోతుంది, పెళుసుదనమూ తగ్గుతుంది.

పూతల విషయంలో నీళ్లలో ముంచే పని ఉండదు. ఫర్నేస్‌లో పెట్టి, కొంతసేపు ఉంచి, నిదానంగా చల్లారుస్తారు. ఆ సమయంలో పూత లోపల కొత్త పదార్థం పుట్టవచ్చు, ఉన్న ఒత్తిడి సడలవచ్చు, సన్నటి పగుళ్లు వెడల్పు కావచ్చు, పూతకూ కింది లోహానికీ మధ్య అతుకు బలపడవచ్చు. ఏ పూతలో వీటిలో ఏది ముందు జరుగుతుందన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది.

నికెల్–ఫాస్ఫరస్: వేడి కోసం ఎదురుచూసే పూత

కరెంటు పెట్టకుండా రసాయన స్నానంలోనే నికెల్ పూత వేసే పద్ధతిని 1946లో అమెరికాలో అబ్నర్ బ్రెన్నర్, గ్రేస్ రిడెల్ వెలుగులోకి తెచ్చారు. వర్క్‌షాపుల్లో దీన్ని ఎలక్ట్రోలెస్ నికెల్ అంటారు. స్నానంలో వాడే రసాయనం వల్ల నికెల్‌తో పాటు ఫాస్ఫరస్ కూడా పూతలో చేరుతుంది. ఫాస్ఫరస్ 10 శాతం దాటితే పూతలోని పరమాణువులు ఒక వరుసలో అమరే అవకాశం లేక, గాజులో లాగా చెల్లాచెదురుగా ఉండిపోతాయి. అప్పుడు గట్టిదనం విక్కర్స్ కొలతలో (వజ్రపు మొనను నొక్కి, పడిన గుంటను బట్టి కొలిచేది) 500 నుంచి 600 దాకా ఉంటుంది.

ఈ పూతను 330 నుంచి 350 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ చెల్లాచెదురు నిర్మాణం నిలవలేదు. నికెల్ ఒకవైపు స్ఫటికాలుగా సర్దుకుంటుంది. దానిలో ఇమడని ఫాస్ఫరస్ కొంత నికెల్‌ను పట్టుకుని నికెల్ ఫాస్ఫైడ్ అనే గట్టి రేణువులుగా విడిపోతుంది. కంటికి కనిపించనంత చిన్నవైన ఈ రేణువులు మెత్తటి నికెల్ అంతటా దగ్గర దగ్గరగా పరుచుకుంటాయి. గీత పెట్టడానికి వచ్చే ఇసుక రేణువుకు అడుగడుగునా అడ్డం తగులుతాయి. 400 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచితే గట్టిదనం 900 నుంచి 1000 దాకా చేరేది ఇందువల్లే.

ఇక్కడితో ఆగకుండా 500, 600 డిగ్రీలకు తీసుకెళ్తే మాత్రం చిన్న రేణువులు ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవవుతాయి. సంఖ్య తగ్గుతుంది, మధ్యలో ఖాళీ పెరుగుతుంది, గట్టిదనం దిగుతుంది. 400 మంచిదైతే 600 ఇంకా మంచిదన్న ఊహ ఈ పూత దగ్గర పనిచేయదు. వేడికీ సమయానికీ మధ్య బేరం మాత్రం ఉంది. 400 డిగ్రీలు తట్టుకోలేని భాగమైతే 290 డిగ్రీల ప్రాంతంలో పది గంటల వరకు ఉంచినా గట్టిదనం దాదాపు అదే స్థాయికి వస్తుంది.

దీనికి చెల్లించాల్సిన మూల్యం కూడా ఉంది. స్ఫటికాలుగా సర్దుకునేటప్పుడు పూత కొద్దిగా కుంచించుకుపోతుంది. కింది ఉక్కు దానితో పాటు కుంచించుకోదు. ఫలితంగా పూతలో సన్నటి పగుళ్లు రావచ్చు. అంతకుముందు ఒకే ముద్దగా ఉండి తుప్పును బాగా అడ్డుకున్న పూత, ఇప్పుడు రెండు రకాల పదార్థాల మిశ్రమం అయినందున ఆ రక్షణ తగ్గుతుంది. మిల్లులో పొడిగా తిరిగే భాగానికి ఇది పెద్ద సమస్య కాదు. ఏడాది పొడవునా నీళ్లలో మునిగి ఉండే బోరు పంపు భాగానికి, అదీ మామూలు ఉక్కుతో చేసినదానికి, ఇదే అసలు సమస్య. పగులు గుండా నీరు లోపలికి చేరితే తుప్పు పూత కిందనుంచి మొదలై, గట్టిగా ఉన్న పూతే పెచ్చులుగా ఊడిపోతుంది. షాఫ్ట్ స్టెయిన్‌లెస్ స్టీలుదైతే ఈ ముప్పు చాలా తక్కువ.

హార్డ్‌క్రోమ్: పుట్టుకతోనే గట్టిది

జాకీ రాడ్లకు వేసే హార్డ్‌క్రోమ్ ప్లేటింగ్ తొట్టిలో నుంచి బయటికి వచ్చేసరికే 850 నుంచి 1000 విక్కర్స్ గట్టిదనంతో ఉంటుంది. ఆ గట్టిదనం పూత లోపల బిగబట్టిన ఒత్తిడి నుంచి, అతి సన్నటి స్ఫటికాల నుంచి, ఇరుక్కున్న హైడ్రోజన్ నుంచి వస్తుంది. వేడి తగిలితే ఆ బిగువు సడలుతుంది. 200 డిగ్రీలు దాటాక మెల్లగా, 400 దాటాక వేగంగా గట్టిదనం తగ్గుతుంది. 600 దాటేసరికి మొదటి గట్టిదనంలో సగం దగ్గరకు రావచ్చు.

పగుళ్ల సంగతి ఇంకా స్పష్టంగా లెక్కలో కనిపిస్తుంది. ఒక మీటరు ఉక్కు రాడ్డును 400 డిగ్రీలు వేడెక్కిస్తే అది దాదాపు 5 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే వేడికి క్రోమియం సాగేది అందులో సగమే. పైగా హైడ్రోజన్ బయటికి పోతున్నకొద్దీ పూత తనంతట తాను ముడుచుకుంటుంది. కింద రాడ్డు సాగుతుంటే పైన పూత సాగలేక, హార్డ్‌క్రోమ్‌లో మొదటి నుంచీ ఉండే వెంట్రుక కన్నా సన్నని పగుళ్లు నోళ్లు తెరుస్తాయి. నికెల్ దాదాపు ఉక్కు లాగే సాగుతుంది కాబట్టి నికెల్–ఫాస్ఫరస్ పూతకు ఈ బాధ తక్కువ. జాకీ రాడ్డు చివరి కన్ను విరిగితే పొలం దగ్గరే వెల్డింగ్ పెట్టించడం జరుగుతూ ఉంటుంది. వెల్డింగ్ వేడి పాకిన మేరకు క్రోమ్ మెత్తబడి, ఆ తర్వాత సీలు అక్కడే కోసుకుపోవడానికి కారణం ఇదే.

అయితే క్రోమ్ షాపుల్లో కూడా ‘వేడి చేస్తాం’ అనే మాట వినిపిస్తుంది. అది బేకింగ్. ప్లేటింగ్ సమయంలో పుట్టిన హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి దూరి, తర్వాత బరువు పడినప్పుడు రాడ్డును హఠాత్తుగా విరగ్గొట్టగలదు. అందుకే ప్లేటింగ్ అయిన కొద్ది గంటల్లోనే, సాధారణంగా నాలుగు గంటల లోపు, 190 నుంచి 220 డిగ్రీల మధ్య చాలా గంటలు ఉంచి హైడ్రోజన్‌ను బయటికి పంపుతారు. దీనితో పూత గట్టిపడదు, ఉక్కు విరగకుండా ఉంటుంది. బిల్లులో బేకింగ్‌నూ హీట్ ట్రీట్‌మెంట్‌నూ ఒకటిగా చదవడం వల్లే సగం గందరగోళం వస్తోంది. గట్టిపడే ఉద్దేశం లేదు కదా అని బేకింగ్ మానేయడం ప్రమాదకరం.

గట్టిదనాన్ని ఇసుకతో పోల్చాలి

1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎఫ్. ఆర్చర్డ్ ఇచ్చిన సూత్రం ప్రకారం, అరుగుదల అనేది భాగం మీద పడే బరువుతో, జారిన దూరంతో పెరుగుతుంది, గట్టిదనంతో తగ్గుతుంది. దాని ప్రకారం గట్టిదనం రెట్టింపైతే అరుగుదల సగమవ్వాలి. ఇసుక ఉన్న చోట జరిగేది ఇంతకన్నా ఆసక్తికరం.

దక్షిణ తెలంగాణ నేలలో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్, నైస్ రాళ్లు. వాటిలో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ ఖనిజాలు ఉంటాయి. కల్వకుర్తిలోనో దేవరకొండలోనో బోరు వేస్తే లేచే పొడిలోనూ, మోటారుతో పాటు పైకి వచ్చే సన్న ఇసుకలోనూ ఉన్నవి ఇవే. క్వార్ట్జ్ గట్టిదనం సుమారు 1100 విక్కర్స్. రాపిడి కలిగించే రేణువు, పూత కన్నా 1.2 రెట్లకు మించి గట్టిగా ఉంటే అది పూతలో దిగబడి కోసుకుంటూ పోతుంది. ఆ హద్దు కన్నా తక్కువైతే రేణువు మొనే మొద్దుబారుతుంది, అరుగుదల ఒక్కసారిగా పడిపోతుంది.

ఇప్పుడు రెండు పూతలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. వేడి చేయని నికెల్–ఫాస్ఫరస్ 550 అనుకుంటే ఇసుక దానికి రెండు రెట్లు గట్టిది. వేడి చేశాక 950 అనుకుంటే నిష్పత్తి 1.16కు దిగుతుంది, అంటే హద్దుకు ఈవలికి వచ్చేస్తుంది. ఆర్చర్డ్ సూత్రం చెప్పిన సగం కన్నా లాభం ఎక్కువగా ఉండగలదు. హీట్ ట్రీట్‌మెంట్‌కు పెట్టిన డబ్బు నిజంగా తిరిగి వచ్చే సందర్భం ఇది. ఫర్నేస్‌లో వేడి అటూ ఇటూ అయి గట్టిదనం 800 దగ్గరే ఆగిపోతే నిష్పత్తి 1.37, అంటే మళ్లీ హద్దు అవతలే. 150 విక్కర్స్ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపించినా, ఈ ఇసుకకు అది పెద్ద తేడా.

అక్కడి నుంచి తూర్పుకు, కృష్ణ ఒడ్డున దామరచర్ల, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు వెళ్తే రాయి మారుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడ వెలసింది సున్నపురాయి కోసమే. సున్నపురాయిలోని కాల్సైట్ గట్టిదనం 150 విక్కర్స్‌కు మించదు. శుభ్రమైన సున్నపురాయి దుమ్ముకు వేడి చేయని పూత కూడా సులువుగా తట్టుకుంటుంది. అందులో కలిసిన సిలికా, సిమెంటు బట్టీ నుంచి వచ్చే క్లింకర్ అనే గట్టి ముద్దలు మాత్రం వేరే లెక్క. ఇక మిర్యాలగూడ ఊక సంగతి: ఊకను కాలిస్తే బరువులో దాదాపు ఐదో వంతు బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. అది క్వార్ట్జ్ అంత గట్టిది కాకపోయినా, సీజన్‌లో టన్నులకొద్దీ ఊక ఒకే రెక్క అంచు మీదుగా పోతుంది కాబట్టి అరుగుదల ఆ స్థాయిలో కనిపిస్తుంది.

రేణువు ఏ కోణంలో తగులుతుంది?

గట్టిపడిన పూత పెళుసుగా కూడా ఉంటుంది. ఇసుక పక్కనుంచి, 15 నుంచి 30 డిగ్రీల వాలులో జారుతూ తగిలితే మెత్తటి లోహం ఎక్కువ కోసుకుపోతుంది, అక్కడ గట్టి పూతదే పైచేయి. ఇసుక నేరుగా, 90 డిగ్రీల్లో వచ్చి కొడితే పరిస్థితి తిరగబడుతుంది. సాగే గుణం ఉన్న లోహం దెబ్బను మింగుకుంటుంది, పెళుసు పూత చిట్లుతుంది. అందువల్ల ఒకే బ్లోయర్‌లో రెక్కకు హీట్ ట్రీట్‌మెంట్ చేసిన పూత సరిపోవచ్చు, ఊక వచ్చి ఎదురుగా కొట్టే పైపు వంపుకు అదే పూత సరిపోకపోవచ్చు.

పూత కింది ఉక్కు

ఈ విషయం షాపుకు పంపే కాగితం మీద సాధారణంగా ఉండదు, ఉండి తీరాలి. గట్టి ఉక్కు భాగాలను తయారీలోనే గట్టిపరచి, తర్వాత ఒక నిర్ణీత వేడి దగ్గర టెంపరింగ్ చేస్తారు, అంటే కర్రు లాగే పెళుసుదనం తగ్గేలా మళ్లీ మోస్తరుగా వేడి చేస్తారు. 180, 200 డిగ్రీల దగ్గర టెంపర్ చేసిన షాఫ్ట్‌ను పూత కోసం 400 డిగ్రీల్లో పెడితే పూత గట్టిపడుతుంది, షాఫ్ట్ మెత్తబడుతుంది. పూత మందం 25 నుంచి 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కన్నా సన్నం. కింద ఆసరా మెత్తబడితే పైనున్న గట్టి పొర గుడ్డు పెంకులాగా పగులుతుంది. అల్యూమినియం మిశ్రమాలతో చేసిన భాగాలైతే 200 డిగ్రీల దగ్గరే బలం కోల్పోతాయి, వాటికి 400 డిగ్రీల మాటే ఎత్తకూడదు. వంకర పోవడం ఇంకో చిక్కు. పొడవాటి షాఫ్ట్‌ను ఫర్నేస్‌లో సరిగా ఆనించి పెట్టకపోతే కొద్దిగా వంగుతుంది, ఆ వంపు తర్వాత పంపులో బుష్‌ను ఒకవైపే తినేస్తుంది.

ఘర్షణ లెక్క వేరు

అరుగుదల అంటే ఎంత పదార్థం పోయిందన్నది. ఘర్షణ అంటే జారడానికి ఎంత బలం అడ్డుపడిందన్నది. రెండూ కలిసే నడవాలన్న నియమం లేదు. బ్రేక్ లైనింగ్‌లో ఘర్షణ ఎక్కువ, అరుగుదల తక్కువగా ఉండాలని కోరుకుంటారు.

రెండు లోహాలు ఒకదాని మీద ఒకటి జారేటప్పుడు అడ్డుకునే బలం రెండు చోట్ల పుడుతుంది. ఉపరితలాల మీది మిట్టలు ఒకదానికొకటి అతుక్కుని మళ్లీ తెగడం ఒకటి, గట్టి మిట్ట మెత్తటిదాన్ని దున్నడం ఇంకొకటి. హీట్ ట్రీట్‌మెంట్ రెండోదాన్ని తగ్గిస్తుంది. నికెల్–ఫాస్ఫరస్‌లో పుట్టిన ఫాస్ఫైడ్ రేణువులు ఉక్కుకు అతుక్కునే గుణాన్ని కూడా కొంత తగ్గిస్తాయి. కానీ ఊడిన గట్టి ముక్క మధ్యలో ఇరుక్కుంటే అదే కొత్త ఇసుక రేణువై ఘర్షణను పెంచుతుంది. గాలిలో వేడి చేసినప్పుడు పైన ఏర్పడే పలచటి ఆక్సైడ్ పొర మొదట్లో జారుడును మార్చి, అది అరిగాక పాత స్థితికే తెస్తుంది. నికెల్ పసుపు, నీలం రంగులోకి తిరగడం ఆ పొర వల్లే. దాన్ని చూసి పూత కాలిపోయిందని అనుకోనవసరం లేదు.

గరుకుదనం పాత్ర వీటన్నిటికన్నా పెద్దది. జాకీ రాడ్డు మీద రబ్బరు సీలు జారేటప్పుడు ఘర్షణను నిర్ణయించేది పూత గట్టిదనం కన్నా దాని నునుపు, దాని మీద నిలిచే ఆయిల్ పొర. హార్డ్‌క్రోమ్ సన్నటి పగుళ్లు ఆయిల్‌ను పట్టి ఉంచుతాయి, అది మేలే. అవే పగుళ్లు వేడికి వెడల్పైతే సీలును గోకుతాయి.

ఘర్షణ బాగా తగ్గించాలన్న ఉద్దేశంతో నికెల్–ఫాస్ఫరస్‌లో టెఫ్లాన్ రేణువులు కలిపిన పూతలూ ఉన్నాయి. వీటి దగ్గర 400 డిగ్రీల అలవాటు పూర్తిగా బెడిసికొడుతుంది. టెఫ్లాన్ 327 డిగ్రీలకే కరుగుతుంది. గట్టిదనం కోసం ఫర్నేస్‌లో పెడితే, ఏ గుణం కోసం ఎక్కువ ధర పెట్టారో అదే పోతుంది.

జోడీలో రెండో భాగం గురించి కూడా ఆలోచించాలి. షాఫ్ట్ గట్టిపడితే అరుగుదల బుష్ మీదికి మళ్లుతుంది. మిల్లులో అది మంచి బేరం, బుష్ చవక, చేతికి అందే చోట ఉంటుంది. బోరులో అంత తేలిక కాదు. అరిగింది షాఫ్టా, బుషా అన్నదానితో సంబంధం లేకుండా పైపులన్నీ విప్పి మోటారును పైకి లాగే ఖర్చు ఒకటే. అందుకని బోరు పంపులో షాఫ్ట్ ఒక్కదాని ఆయుష్షు చూసి పూతను మెచ్చుకోవడం సరికాదు.

చల్లి అతికించే పూతలు

పొడిని కరిగించి, ఎగజిమ్మి అతికించే పూతల్లో వేడి పాత్ర ఇంకో రకం. నికెల్, క్రోమియం, బోరాన్, సిలికాన్ కలిసిన పొడిని టార్చితో చల్లిన తర్వాత మళ్లీ 1000 నుంచి 1100 డిగ్రీల దాకా వేడి చేసి కరిగిస్తారు. బోరాన్, సిలికాన్ ఆక్సైడ్లను తమలో కలుపుకుని పైకి తేలుస్తాయి, రంధ్రాలు మూసుకుంటాయి, పూత ఉక్కుతో నిజంగా అతుక్కుంటుంది. ఈ పూతకు వేడి అదనపు సేవ కాదు, తయారీలో భాగం. కరిగించకుండా వదిలేస్తే అది సగం చేసిన పనే.

టంగ్‌స్టన్ కార్బైడ్–కోబాల్ట్ పూతది దీనికి ఎదురు కథ. బోరు బండి బిట్టు మీద గుండ్రంగా కనిపించే బటన్లు ఏ పదార్థమో, దాదాపు అదే పదార్థాన్ని పొడిగా చేసి అతివేగంగా కొట్టి పూత వేస్తారు. అది వేసినప్పుడే 1000 విక్కర్స్ దాటి గట్టిగా ఉంటుంది. గాలిలో 500, 600 డిగ్రీల దగ్గర కార్బైడ్ ఆక్సిజన్‌తో కలిసి చెడుతుంది. గాలి తగలకుండా ఇంకా ఎక్కువ వేడి చేస్తే కోబాల్ట్, టంగ్‌స్టన్ కలిసి పెళుసు పదార్థంగా మారతాయి. సట్లెజ్ మీది నాథ్పా ఝాక్రి జలవిద్యుత్ కేంద్రంలో హిమాలయాల క్వార్ట్జ్ ఒండ్రు టర్బైన్లను తినేయడంతో ఈ కోవకు చెందిన పూతలనే ఆశ్రయించారు. మన కృష్ణలో పరిస్థితి అంత తీవ్రం కాదు. బరువైన ఒండ్రు శ్రీశైలంలోనే దిగిపోతుంది, నాగార్జునసాగర్‌కు కొంత తేరిన నీరు వస్తుంది.

వేడి చోట్ల యంత్రమే పూతకు హీట్ ట్రీట్‌మెంట్ చేస్తుంది. దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని 800 మెగావాట్ల చొప్పున 5 యూనిట్లుగా తలపెట్టారు. ఇలాంటి పెద్ద బాయిలర్లన్నిటిలో బొగ్గు బూడిద గొట్టాలను కోస్తుంది. భారతీయ బొగ్గులో బూడిద 30 శాతం దాటడం మామూలే. అలాంటి వేడికి తట్టుకునే క్రోమియం కార్బైడ్–నికెల్‌క్రోమ్ పూత, బాయిలర్ నడుస్తున్నకొద్దీ లోపల మారుతూ ఉంటుంది. చల్లే సమయంలో కరిగి మాయమైన కార్బైడ్ మళ్లీ సన్న రేణువులుగా పుడుతుంది, పైన క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి రక్షిస్తుంది. వేసిన రోజు కొలిచిన గట్టిదనం దాని జీవితమంతటికీ వర్తించదు. ఇలాంటి పూతల మీద హైదరాబాద్ శివారు బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థలో చాలాకాలంగా పని జరుగుతోంది.

కొలత సరిగా ఉందా?

పూత గట్టిదనాన్ని రాక్‌వెల్ సి మిషన్‌తో కొలిచి ఇచ్చిన అంకెకు విలువ లేదు. 60 రీడింగ్ వచ్చేంత గట్టి పదార్థంలో కూడా ఆ మిషన్ మొన 80 మైక్రాన్ల లోతుకు దిగుతుంది. 25 మైక్రాన్ల పూతను దాటిపోయి అది కొలిచేది కింది ఉక్కునే. 100 గ్రాముల బరువుతో చేసే మైక్రో విక్కర్స్ పరీక్షలో 950 గట్టిదనం ఉన్న పూత మీద పడే గుంట లోతు 2 మైక్రాన్లే. లోతు పూత మందంలో పదో వంతు దాటకూడదన్న నియమానికి అది సరిపోతుంది.

అరుగుదల పరీక్షల్లో కూడా పనికి తగినదాన్ని అడగాలి. నున్నటి బంతిని తిరిగే బిళ్ల మీద రాపిడి చేసే పరీక్ష షాఫ్ట్, బుష్ జోడీ గురించి చెబుతుంది. రబ్బరు చక్రానికీ నమూనాకూ మధ్య క్వార్ట్జ్ ఇసుక పోసే పరీక్ష బోరు ఇసుక గురించి చెబుతుంది. మొదటిదానిలో బాగా నిలిచిన పూత రెండోదానిలో ఓడిపోవడం అరుదేమీ కాదు. షాపుకు భాగాన్ని పంపేటప్పుడు కింది ఉక్కు రకం, దాన్ని టెంపర్ చేసిన వేడి, పూతలో ఉండాల్సిన ఫాస్ఫరస్ శాతం, ఫర్నేస్ వేడి, ఉంచే సమయం రాసి పంపి, అదే తొట్టిలో పూత వేసి అదే ఫర్నేస్‌లో పెట్టిన ఒక చిన్న నమూనా ముక్కను తిరిగి అడిగి తీసుకుంటే, గట్టిదనం 800 దగ్గర ఆగిందా, 950కి చేరిందా అన్నది షాఫ్ట్ బోరులోకి దిగకముందే తెలుస్తుంది.